బతికున్న సున్న

చిన్నప్పుడు మా ఇంట్లో చిత్తు కాయితాలు గుండ్రంగా ఉండేవి. మా పెద్ద మావయ్య విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. సంక్రాంతికి కోటవురట్ల వచ్చినప్పుడల్లా ఇక అక్కర్లేని చార్టు కాయితాలు ఒక కట్ట తెచ్చేవాడు. పెద్ద కంచమంత చక్రం, మధ్యలో చిల్లు, అంచు చుట్టూ 24 గంటలు, లోపల ఒకదానిలో ఒకటి వలయాలు. ఒక పక్క ఎర్ర సిరాతోనో ఊదా సిరాతోనో వణుకుతూ సాగిన గీత. రెండో పక్క ఖాళీ. ఆ ఖాళీ వైపు మేం ఎక్కాలు రాసుకునేవాళ్లం. గీత ఉన్న వైపు ఒక రోజు తాలూకు చరిత్ర ఉందని మాకు తెలీదు. ఏదో బాయిలర్లో ఒకరోజు రాత్రి ఆవిరి ఒత్తిడి ఎంత పెరిగిందో, తెల్లారేసరికి ఎంతకి దిగిందో ఆ గీతకి తెలుసు. మేం దాని వెనకాల పదమూడో ఎక్కం రాశాం.

ఇంజనీరింగ్ మూడో ఏడు సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు మావయ్య నన్నొక ప్రశ్న అడిగాడు. "మీ కాలేజీలో సెప్పేరా? ఈ గాలి మీటర్లకి సిగ్నలు మూడు పౌన్ల కాణ్ణించి పదిహేను పౌన్ల దాకా ఉంటాది. సున్న కాణ్ణించి ఎందుకుండదు?" నాకు తెలీలేదు. నాది కంప్యూటర్ సైన్సు. అది చెప్పి తప్పించుకున్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. జవాబు చెప్పలేదు.

జవాబు తెలుసుకోవడానికి నాకు మరో ఎనిమిదేళ్లు పట్టింది. అదీ ఉద్యోగంలో దెబ్బ తిన్నాక. నేను పనిచేసిన ఒక కంపెనీలో సర్వర్లలో ఎన్ని తప్పులు వస్తున్నాయో చూపించే డాష్‌బోర్డు నా బాధ్యత. ఒక శనివారం అది రోజంతా పచ్చగా ఉంది. తప్పులు: 0. ఆదివారం పొద్దున కస్టమర్లు ఫోన్లు చేశాకగానీ మాకు తెలీలేదు. తప్పుల్ని లెక్కపెట్టి పంపే ప్రోగ్రామే శుక్రవారం రాత్రి చచ్చిపోయింది. కబురు ఏమీ రాకపోతే నా కోడు దాన్ని సున్న అని రాసుకుంది. 'తప్పులేమీ లేవు' అన్న మాటకీ 'నాకేమీ తెలీదు' అన్న మాటకీ తెర మీద ఒకటే అంకె. ఆ కోడు రాసింది నేనే. నాలుగు పంక్తులు.

ఆ రాత్రి మావయ్య ప్రశ్న గుర్తొచ్చింది.

కంప్యూటర్లు రాకముందు ఫ్యాక్టరీల్లో మీటర్ల మధ్య కబుర్లు గాలి మోసేది. సన్నటి రాగి గొట్టాల్లో అదిమిపెట్టిన గాలి. ట్యాంకు దగ్గరున్న పరికరం తను కొలిచినదాన్ని గాలి ఒత్తిడిగా మార్చి కంట్రోల్ రూముకి పంపేది. కొలత అట్టడుగున ఉంటే 3 పీఎస్ఐ, సగానికుంటే 9, నిండితే 15. సున్న నుంచి మొదలుపెట్టి ఉంటే ఏమవుతుంది? గొట్టం తెగిపోయినా, ట్యాంకు ఖాళీ అయినా ముల్లు ఒకేచోట నిలబడుతుంది. మూడు నుంచి మొదలుపెడితే ఖాళీ ట్యాంకు కూడా 'నేనున్నాను, నాలో ఏమీ లేదు' అని గట్టిగా చెప్పాల్సిందే. ముల్లు మూడు కిందకి పడిపోయిందంటే కథ వేరు. కొలత తగ్గలేదు, కొలిచేవాడే పోయాడు. దీన్ని లైవ్ జీరో అంటారు. బతికున్న సున్న. తర్వాత గాలి పోయి కరెంటు వచ్చింది, గొట్టాల బదులు తీగలు వచ్చాయి. సున్న మాత్రం బతికే ఉంది. ఇవాళ్టికీ మన చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో మీటరు సిగ్నలు 4 మిల్లీ ఆంపియర్ల నుంచి 20 దాకా. నాలుగు అంటే సున్న శాతం. తీగ తెగితే నిజమైన సున్న.

ఆలోచన ఇంకా పాతది. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ రైలు పట్టాల్లోంచి నిరంతరం కొంచెం కరెంటు పారేలా ఒక ఏర్పాటుకి పేటెంటు తీసుకున్నాడు. రైలు వస్తే చక్రాల గుండా కరెంటు దారి మళ్లి సిగ్నలు ఎర్రబడుతుంది. పట్టా విరిగినా, బ్యాటరీ అయిపోయినా, తీగ ఊడినా కూడా ఎర్రబడుతుంది. అంటే అనుమానమొస్తే బండి ఆగుతుంది. పాతకాలం చెయ్యి సిగ్నళ్లు గుర్తున్నాయా? మా నర్సీపట్నం రోడ్డు స్టేషనుకి ఎవరినైనా ఎక్కించడానికి వెళ్తే నేను వాటినే చూస్తుండేవాణ్ని. చెయ్యిని కిందకి దించడానికి తీగ లాగాలి. తీగ తెగితే బరువు తనంతట తనే చెయ్యిని అడ్డంగా, అంటే 'ఆగు' అనే చోటికి, తెచ్చేస్తుంది. కబురు లేకపోవడాన్ని శుభవార్తగా తీసుకోకూడదన్న సంగతిని ఇనుములో పోతపోసి పెట్టారు.

మావయ్య వృత్తి మన తీరానికి ఎలా వచ్చిందో రెండు ముక్కలు చెప్పాలి. 1957లో విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్, 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం. ఇవన్నీ కంటితో చూడలేని పనులు జరిగే చోట్లు. మా మండలంలో చెరుకు రసాన్ని బెల్లం వండేవాడు పెనం మీద నురగ రంగు చూసి, చల్లటి నీళ్లలో ఒక బొట్టు వేసి, వేళ్ల మధ్య ఉండ కట్టి పాకం వచ్చిందో లేదో చెప్పేస్తాడు. మా తాత అలాగే చెప్పేవాడు. మూతపెట్టిన ఉక్కు ట్యాంకులోకి వేలు పెట్టలేం. వేలి బదులు మీటరు, కంటి బదులు ముల్లు వచ్చాయి. ఆ వేలు మొద్దుబారకుండా చూసుకోవడానికి ఐటీఐల్లో చదివిన కుర్రాళ్లు కావలసివచ్చారు. కంచరపాలెం ఐటీఐలో చదివి మావయ్య అలా వెళ్లాడు.

మీటర్లు మొదట్లో పైదేశాల నుంచే వచ్చేవి. మావయ్య నోట 'ఫాక్స్‌బరో' అన్నమాట ఏదో బంధువుల ఊరి పేరులా దొర్లేది. అది నిజంగా ఊరి పేరేనని, అమెరికాలో మసాచుసెట్స్‌లో 1908లో అక్కడ పుట్టిన కంపెనీకి ఆ పేరే స్థిరపడిందని ఆయనకి తెలుసో లేదో. మనదేశంలోనే వీటిని తయారుచెయ్యాలని 1964లో రాజస్థాన్‌లోని కోటాలో ఇన్‌స్ట్రుమెంటేషన్ లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. మావయ్య "కోటా పేనల్" అన్నప్పుడల్లా అది మా కోటవురట్లలో చేసిందే అనుకుని నేను చాలాకాలం గర్వపడ్డాను. ఆ కోటా యూనిట్‌ని మూసెయ్యాలని 2016లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఇక తెలుగువాళ్ల మాటకొస్తే, అయ్యగారి సాంబశివరావుగారి పేరు తలుచుకోవాలి. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. మా నర్సీపట్నం వైపు మన్యంలో తిరిగిన అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు కూడా అదే. 1956లో మన మొదటి అణు రియాక్టర్ అప్సర మొదలైనప్పుడు దాని నియంత్రణ పరికరాలు దేశంలోనే తయారయ్యాయంటే అందులో ఆయన పాత్ర పెద్దది. 1967లో హైదరాబాద్‌లో ఇ.సి.ఐ.ఎల్. ఆయన చేతుల మీదే మొదలైంది. ఎ.ఎస్.రావు నగర్ అని రోజూ బస్సు బోర్డు చదివే నా స్నేహితుల్లో ఆ రావు ఎవరో తెలిసినవాడు ఒక్కడూ లేడు. వాళ్లంతా ఇంజనీర్లే.

మీటరు బాగుచెయ్యడం గురించి మావయ్య చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది కదలని ముల్లు సంగతి. ఆవిరి, నూనె, నీరు ఏదైనా సరే, పారుతున్నది ఎప్పుడూ కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. ముల్లు చిన్నగా వణుకుతుండాలి. గీత గీసినట్టు నిశ్చలంగా ఉంటే దగ్గరకెళ్లి చూడాలి. పైపు నుంచి మీటరుకి వెళ్లే సన్న గొట్టంలో మడ్డి పేరుకుపోయి ఉంటుంది. మీటరు పాడవలేదు. తన దగ్గర చిక్కుకుపోయిన నిన్నటి ఒత్తిడినే నమ్మకంగా చూపిస్తోంది. "ఒణికే ముల్లు మంచిదిరా. ఒణక్కపోతే అది సచ్చిపోయినట్టే" అనేవాడు.

ఇంకోటి: థర్మోకపుల్ తెగినప్పుడు ముల్లు ఎటు పోవాలి? ఇది ముందే ఎవరో నిర్ణయించి పెట్టాలి. కిందకి పోయేలా పెడితే కంట్రోలరు 'కొలిమి చల్లారిపోయింది' అనుకుని ఇంకా మంట పెంచుతుంది. పైకి పోయేలా పెడితే మంట ఆపేస్తుంది, ఆ పూట ఉత్పత్తి పోతుంది. ఒక చిన్న స్క్రూడ్రైవర్ పని. కానీ ఉత్పత్తి ముఖ్యమా, కొలిమి పక్కన నిలబడ్డవాడు ముఖ్యమా అన్న ప్రశ్నకి జవాబు అక్కడే తేలిపోతుంది.

బతికున్న సున్న ఉన్నా సరిపోదని 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో తెలిసింది. ఒక వాల్వు తెరుచుకుని, మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దాని దీపం మాత్రం ఆరిపోయింది. ఎందుకంటే ఆ దీపం చూపించేది వాల్వు మూసుకుందా అన్నది కాదు, మూసుకోమని ఆజ్ఞ వెళ్లిందా అన్నది. రెండు గంటలకు పైగా రియాక్టర్‌ని చల్లబరిచే నీళ్లు పోతూనే ఉన్నాయి. ఇది చదివి నేను నా కోడులో 'సక్సెస్' అని రాసిన చోట్లన్నీ వెతికాను. సగం చోట్ల దానర్థం 'పంపాను' అనే.

భోపాల్ కథ దీనికి రెండో వైపు. 1984 డిసెంబరు 2 రాత్రి షిఫ్టు మారాక 610వ నంబరు ట్యాంకు ఒత్తిడి 2 పీఎస్ఐ నుంచి 10కి చేరింది. మీటరు సరిగ్గానే చూపించింది. చూసినవాళ్లు పట్టించుకోలేదు. పది అనేది మామూలు హద్దుల్లోనిదే. దానికి తోడు ఆ ప్లాంటులో మీటర్ల మీద ఎవరికీ నమ్మకం లేదు. ట్యాంకుల్ని చల్లగా ఉంచే రిఫ్రిజిరేషన్‌ని ఆపేసి నెలలైంది. 11 డిగ్రీలు దాటితే మోగాల్సిన అలారం ఉంది. చల్లబరచడమే మానేసినప్పుడు ఎప్పుడూ 11 దాటే ఉంటుంది కాబట్టి ఆ అలారానికి అర్థమే లేకుండా పోయింది. రాత్రి షిఫ్టులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పోస్టుని కొద్దిరోజుల ముందే తీసేశారు. అబద్ధాలు చెప్పిచెప్పి ఉన్న మీటరు ఒకరోజు నిజం చెబితే ఎవరు వింటారు? మీటరుకి పరువు పోగొట్టింది మీటరు కాదు. దాన్ని సరిచెయ్యడానికి మనిషిని ఉంచనివాళ్లు.

2020 మే 7 తెల్లవారుజామున ఏం జరిగిందో మన పాఠకులకి చెప్పక్కర్లేదు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలై, 1997 నుంచి ఎల్.జి. పాలిమర్స్ అయిన కర్మాగారంలో ఎం6 ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్.వెంకటాపురం మీదకి వచ్చింది. 12 మంది చనిపోయారు. ఆ వారమంతా టీవీల్లో చూసిన రోడ్డు పక్కన పడిపోయిన మనుషులు, పశువులు ఇంకా కళ్లముందే ఉన్నారు. లాక్‌డౌన్‌లో నేను కోటవురట్లలోనే ఉన్నాను. మావయ్య అప్పటికి రిటైరై మా ఇంటి వెనక వీధిలో ఉంటున్నాడు. టీవీ చూస్తూ రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు ఒకటే అడిగాడు: "తర్మామీటరు ఎక్కడెట్టేర్రా?"

ఈ ప్రశ్నకి జవాబు జులైలో వచ్చింది. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదిక ఇచ్చింది. అనుబంధాలతో కలిపి వేల పేజీలు. నేను సాహిత్యం మీద తోచింది రాసుకునేవాణ్నే తప్ప కెమికల్ ఇంజనీర్‌ని కాను. అయినా ఆ ప్రధాన నివేదికని ఒక నవల చదివినట్టు చదివాను. అందులో విలన్ కోసం వెతికినవాళ్లకి చాలామంది దొరుకుతారు. నాకు మాత్రం ఒక థర్మామీటరు దగ్గర చూపు ఆగిపోయింది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. మధ్యలో లేదు, పైన లేదు.

స్టైరీన్ ఊరికే కూర్చోదు. తనలో తనే కలిసి ముద్దకట్టాలని చూస్తుంటుంది. అలా కలిసినప్పుడు వేడి పుడుతుంది. వేడి పుడితే ఇంకా వేగంగా కలుస్తుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, కలవకుండా ఆపే టి.బి.సి. అనే మందు తగినంత వెయ్యాలి. లాక్‌డౌన్‌లో కదలిక లేకుండా నిలవున్న ట్యాంకు అది. మందు చాల్లేదు. చల్లబరిచే యంత్రాన్ని రాత్రిపూట ఆపేసే అలవాటు ఉంది. 2019 డిసెంబరులో పైపుల అమరికలో చేసిన మార్పు ట్యాంకు చల్లబడే తీరునే దెబ్బతీసిందని కమిటీ తేల్చింది. ఎండాకాలం మధ్యాహ్నం చెరువులో ఈతకి దిగినవాళ్లకి తెలుసు. మెడ దగ్గర నీళ్లు వెచ్చగా ఉంటాయి, పాదాలకి చల్లగా తగుల్తాయి. ఎం6 ట్యాంకుకి థర్మామీటరు పాదాల దగ్గరుంది. తల మండుతున్న సంగతి పాదానికి తెలీదు. స్టైరీన్ మరిగేది 145 డిగ్రీల దగ్గర.

ఇక్కడ మీటరు పాడవలేదు. తీగ తెగలేదు. నాలుగు, ఇరవై మిల్లీ ఆంపియర్ల మధ్య నిక్షేపంగా ఉండి ఉంటుంది. ముల్లు వణుకుతూనే ఉండి ఉంటుంది. మావయ్య లాంటి మనిషి వెళ్లి చూసినా 'బాగుంది' అని సంతకం పెట్టి వచ్చేవాడేమో. 2005 మార్చిలో అమెరికాలో టెక్సస్ సిటీ రిఫైనరీలో ఇలాంటిదే జరిగింది. ఒక టవర్లో ద్రవం 150 అడుగులు దాటి నిండిపోతుంటే, వేరే సాంద్రతకి సరిచేసి పెట్టిన మీటరు 8 అడుగుల దగ్గరుండి ఇంకా తగ్గుతున్నట్టు చూపించింది. స్వయంగా చూద్దామంటే పక్కనుండే గాజు గొట్టం మురికిపట్టి లోపలేముందో కనపడలేదు. 15 మంది పోయారు. కానీ అక్కడ మీటరు తప్పు చెప్పింది. ఎం6 మీటరు నిజమే చెప్పింది, తనున్న చోటు గురించి. తక్కిన ట్యాంకంతా అలాగే ఉంటుందని అనుకున్నది మనుషులు.

ఆ నివేదికలో నన్ను వదలని రెండో వివరం సైరన్. మోగించడానికి మీటలు 36 చోట్ల ఉన్నాయి. గేటు దగ్గర కూడా ఒకటి. ఒక్కటీ నొక్కలేదు. అలారానికి కొలత కావాలి, సైరన్‌కి కొలతతో పనిలేదు. కళ్లు మండుతున్న మనిషి వేలు చాలు. దీనికి ఇన్‌స్ట్రుమెంట్ శాస్త్రంలో జవాబు లేదు. పొరపాటున మోగిస్తే ఎవరేమంటారో అన్న భయానికి ఎన్ని మిల్లీ ఆంపియర్లు?

ఎం6 సంగతి తెలిసి, పాత ట్యాంకులకి పైన కూడా ఒక థర్మామీటరు పెట్టించడం పెద్ద ఖర్చు కాదని అందరూ ఒప్పుకుంటారు. పెట్టాక ఏడాదికోసారి దించి, సరిచూసి, మళ్లీ ఎక్కించే మనిషి జీతమే ఎవరికీ ఇష్టంలేని ఖర్చు. మావయ్య చేరినప్పుడు ఆయన సెక్షన్లో ఇరవై మందికి పైగా ఉండేవారట. రిటైరయ్యేనాటికి నలుగురు పర్మినెంటు, మిగతాది కాంట్రాక్టరు పంపే కుర్రాళ్లు. ఈ సంవత్సరం ఉన్న కుర్రాడు వచ్చే ఏడాది ఉండడు. ఏ ముల్లు మామూలుగా ఎలా వణుకుతుందో తెలిసేలోపు వెళ్లిపోతాడు. అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఫార్మా కంపెనీలో సాల్వెంట్ ఆవిరి పేలి 17 మంది చనిపోయినప్పుడు, అది మా జిల్లాయే కాబట్టి, మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని 'మనోడు ఏ షిఫ్టు' అని అడుగుతూ కనబడ్డారు. ఈ తరం కుర్రాళ్లు పనికెళ్లేది అక్కడికే.

2025 ఏప్రిల్ 13న మా మండలంలోనే, కైలాసపట్నంలో, బాణసంచా తయారుచేసే చోట పేలుడు జరిగి 8 మంది పోయారు. మందు కూరే పని చేతులతో చేసేదే. ట్యాంకుల్లేవు, ముళ్లు లేవు. అక్కడ ప్రమాదాన్ని కొలవాల్సిన పరికరం పని చేసేవాళ్ల ఒళ్లే.

ఆ తర్వాత వారం మావయ్యని చూడ్డానికి వెళ్లాను. చూపు బాగా తగ్గింది. మాట్లాడుతూ మాట్లాడుతూ అత్తయ్యని అడిగి పాత ట్రంకుపెట్టెలోంచి ఒక చార్టు తీయించాడు. నేను ఎక్కాలు రాయనిది. వెనక ఖాళీగానే ఉంది. ముందువైపు గీత రాత్రి 2 గంటల దాకా ఊదా రంగులో సాగి, అక్కడ ఆగిపోయి, ఐదున్నరకి మళ్లీ మొదలైంది. మధ్యలో మూడున్నర గంటలు తెల్ల కాయితం. ఆ షిఫ్టులో మెకానిక్ ఆయనే. పొద్దున సూపర్‌వైజరు కలం తీసుకుని గీత కలిపెయ్యమన్నాడట. అటూ ఇటూ ఒకే ఎత్తులో ఉంది కదా, ఎవరికి తెలుస్తుంది అని. ఆ తెల్లటి జాగాలో పెన్సిలుతో, ఇప్పటికీ చెరగకుండా, మావయ్య చేతిరాత ఉంది:

"ఇంకు అయిపోయింది. 2 నుండి 5.30 వరకు తెలియదు." కింద పొట్టి సంతకం.